నాలుగు పేర్ల మలుపు

మొన్న మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, బారిడీహ్ దారిలో ఎవరిదో స్కూటరు జారిపడితే, వచ్చిన కుర్ర పోలీసు ఫోనెత్తి ఫోటో తీసుకుని ఊరుకున్నాడు. ఎక్కడ పడ్డాడో రాసుకోవా బాబూ, ఇది లాల్ గుమ్టీ మలుపు అని నోరు ఊరుకోక చెప్పబోతే, "జగా అప్నే ఆప్ ఆ జాతా హై, ఆంటీ" అన్నాడు. చోటు ఫోనే చెప్పేస్తుందట. ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు.

ఎనభైల చివర, బీయస్సీ పాసై ఇంట్లో అందరితో తగువులాడుతూ కూర్చున్న నాకు, రోడ్డు ప్రమాదాల రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. చెప్పులు బయట విడిచి గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళాల్సిన ఆ చల్లటి గదులు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. ప్రమాదాలు ఎక్కువ జరిగే చోట్లేవో యంత్రం తేలిస్తే, అక్కడ ముందుగా స్పీడ్ బ్రేకర్లు వేస్తారన్నారు.

నాకు కావలసింది ఒక్క మలుపే. ఎర్ర రంగేసిన కిళ్ళీ బడ్డీ, అదే లాల్ గుమ్టీ, పక్కనుంచి, ఆరింటి షిఫ్టుకి, మా నాన్న సైకిలు మీద వెళ్ళేవారు. చలికాలం పొగమంచులో ట్రక్కులు అక్కడ గుడ్డిగా తిరిగేవి. అంతకు ముందు ఏడాదే పక్క క్వార్టరు మావయ్య అక్కడ పోయాడు. మధ్యాహ్నం రెండున్నరకి సైకిలు గంట వినపడేదాకా అమ్మకి ముద్ద దిగేది కాదు. ఆఫీసులో గడియారం చూస్తూ నేను తప్పులు టైపు చేసేదాన్ని.

తీరా జాబితా వస్తే, అందులో మా మలుపే లేదు. సాయంత్రం నాన్నతో చెప్పుకుని ఏడిస్తే నవ్వారు.

"ఏటే పిచ్చిదానా! మనోళ్ళు గుమ్టీ అంతారు, డ్రైవర్లు టీ దుకాణం అంతారు, ఒడియావోళ్ళు కల్వర్టంతారు, ఆఫీసోళ్ళు బారిడీహ్ మోడ్ అంతారు. పడ్డోడు ఏటి సెప్పితే రాసినోడు అదే రాత్తాడు. ఇంత సదివినావు, ఆ మాత్రం తెల్దా?"

ఒక్క మలుపుని యంత్రం నాలుగు చోట్లుగా పంచేసిందన్నమాట. ఆ సంగతి చెబితే, రాసి ఉన్నదే ఎక్కించమని మా ఆఫీసరు కసిరారు. అలాగే సార్, రేపు మా నాన్న కూడా అక్కడే పోతే, ఆయన పేరే ఆ మలుపుకి అయిదో పేరుగా ఎక్కిస్తాను అన్నాను. ఆయన రుజువు తెమ్మన్నారు. ఆదివారం నాన్న సైకిలు వెనక కూర్చుని వెళ్ళి పటం గీశాను. ఒక్క గంట కొడితే నాలుగు చోట్లా వినపడేంత దగ్గర. నాలుగు పేర్లకీ ఒకే నంబరిచ్చాం. మలుపు జాబితా పైకెక్కింది.

జాబితా మారినంత త్వరగా రోడ్డు మారుతుందా? ఆ నెలలన్నీ అంతకు ముందుకంటే కష్టంగా గడిచాయి, ఇప్పుడు భయం కాగితం మీద అచ్చయి ఉంది కాబట్టి. చివరికి స్పీడ్ బ్రేకరు పడిన రోజున నాన్న మండిపడుతూ వచ్చారు.

"ఎవుడేసినాడే ఆ దిబ్బ? కేరేజీలో పులుసంతా సంచీలో ఒలికిపోనాది!"

ఎవరిచేతా మాట పడని నేను, ఆరోజు నోరెత్తకుండా సంచీ ఉతికి ఆరేశాను.

నాన్న రిటైరై, ముసలితనం వచ్చి, మంచం మీదే పోయారు. గుమ్టీ లేదు, టీ దుకాణం లేదు, కల్వర్టు వెడల్పయిన రోడ్డు కింద ఉంది. ఆ పోలీసు కుర్రాడికి నాలుగు పేర్లలో ఒక్కటీ తెలీదు, తెలియనక్కర్లేదు కూడా. అది మంచికే, వాదించను. కానీ ఇప్పటికీ రెండున్నరైతే నా చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోతుంది, గంట వినపడదని తెలిసి కూడా.