కాగితంలో లేని అరసెంటు

ఉప్పలగుప్తం సుందరి టీచరు వాళ్ల పేటలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. ముప్పయ్యేళ్లు పిల్లలకి అక్షరాలు దిద్దించింది. అలాంటి మనిషి ఒక కాగితం దగ్గర దెబ్బతిందంటే ఎవరితో చెప్పుకుంటాం!

ఆమెకున్నది ముప్పావెకరం చేను. కాలవ వైపు మూల, అరసెంటులో, ఎనిమిది నెలలకే పోయిన కూతురు శారోన్‌ని పాతిపెట్టుకున్నారు. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం చర్చి నుంచి సుందరి నేరుగా అక్కడికే వెళ్లేది.

చుట్టూ రొయ్యల చెరువులొచ్చి చేలోకి ఉప్పు దిగింది. వరి చచ్చింది. గతిలేక, ఆ చెరువుల ఆసామి మాణిక్యాలరావుకి చెరువు కోసం లీజుకిచ్చింది. ఆ మూల వదిలేస్తున్నట్టు ఒక ముక్క రాయించమంటే ఆయన నొచ్చుకున్నారు.

"శుభమా అని చెరువు మొదలెడతా, కాగితంలో సమాధి మాటెందుకండీ టీచరుగారూ? నేను ముట్టుకోనన్నాను కదండీ."

పెద్దమనిషి అంతలా అంటే ఇంకా పట్టుబట్టడం బాగుండదనుకుంది. మొహమాటానికి పోయి మెడకి చుట్టుకోవడం మన కోనసీమవాళ్లకే చెల్లింది! సంతకం పెట్టేసింది.

నెల తిరక్కుండా పొక్లెయిన్ ఆ మూలకొచ్చింది. సుందరి అడ్డం పడుకుంది. అమలాపురం కోర్టుకెక్కింది. చదవకుండానే సంతకం పెట్టానని చెప్పమని ఆమె లాయరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బోనెక్కాక జడ్జిగారు అదే అడిగారు.

"చదివేనండీ. అక్షరం వదల్లేదు. నేనే పైకి చదివి మావారికి వినిపించేను."

ప్రమాణం చేసి అబద్ధమాడడం ఆమె వల్ల కాలేదు. మాణిక్యాలరావు మాత్రం, ఆ మూల వదిలే మాటే తమ మధ్య అనుకోలేదని నిబ్బరంగా చెప్పి దిగిపోయారు.

జడ్జిగారు చెడ్డవారు కాదు. ముప్పావెకరం యావత్తూ, ఏ మినహాయింపూ లేకుండా అని కాగితం తేటగా చెబుతోందన్నారు. రాత అంత స్పష్టంగా ఉన్నప్పుడు దానికి ఎదురెళ్లే నోటిమాటని కోర్టు లెక్కలోకి తీసుకోదన్నారు. బిడ్డని తీసుకెళ్లడానికి పదిరోజులు గడువిచ్చారు.

మర్నాడు పొద్దున్నే సుందరి, భర్త సూరిబాబు పార పట్టుకెళ్లారు. మోకాలిలోతు తవ్వారు. నడుంలోతు తవ్వారు. ఎనిమిది నెలల లేత ఎముకలు, ఇరవై రెండేళ్ల తడి. పెట్టె చెక్క లేదు, గౌను పేలిక లేదు. ఇక చాల్లెమ్మని సూరిబాబు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. ఆ తల్లి కడుపుకోత చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఏది బిడ్డో ఏది మన్నో తెలియక, పట్టినంత మన్ను చీరచెంగులోకి ఎత్తుకుంది.

"ఏవండీ, మన పిల్ల ఇందులోకి వచ్చిందంటారా?"

సూరిబాబు గోతిలోకి వంగి, ఇంకో దోసెడు మన్ను తీసి ఆమె చెంగులో పోశాడు.