ఐస్ లారీ, నా "పర్లేదండీ"

గణపవరం దగ్గర మాకో చేపల చెరువుంది. పోయిన నెల ఐస్ ఫ్యాక్టరీ ఇంజినీరు ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, "లారీ ఆలస్యమైతే ఎంతసేపు ఆగగలరండీ?" అని అడిగాడు. ఇంటికొచ్చిన మనిషి కదా అని, "ఎంతసేపైనా పర్లేదండీ" అన్నాను.

ఈ రోజు పొద్దున్నే చేపలు పట్టించాం. ఐస్ లారీ మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికే కొనడానికొచ్చినాయన మొప్పలెత్తి చూసి, తాజాగా లేవని వెళ్లిపోయాడు. ఇంజినీరుకి ఫోన్ చేసి నిలదీశాను.

"కంప్యూటర్లో లారీని వెయ్యిసార్లు తిప్పి చూసి రూటు వేశామండీ. ఆగగలమన్న వాళ్లని కంప్యూటరే చివర పెట్టింది. మీరే అన్నారు కదండీ!"

నా కాఫీ తాగి, నా మాటే నాకు అప్పజెప్పాడు! కడిగేద్దామనుకునేలోగా "సారీ అండీ" అన్నాడు. నా నోరు నన్నడక్కుండానే "పర్లేదండీ" అనేసింది.

నా పక్షాన ఎవరైనా ఉంటే చెప్పండి. నా నోరు మాత్రం లేదు.