కాకిబంగారానికి ఓటు

చిట్టమూరు దగ్గర రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబులో భానుప్రియ టెక్నీషియను. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆమె ఓ రాజ్యానికి రాణి. కాలేజీ రోజుల నుంచి కంప్యూటర్లో ఒకే ఆట ఆడుతోంది. ఊళ్లు కట్టాలి, నాగరికతను పెంచాలి, చుట్టుపక్కల రాజులతో బేరాలాడాలి. ఆ ఆటలో కడుపు నింపే పంటలు వేరు, జనాన్ని సంతోషపెట్టే విలాస వస్తువులు వేరు. పట్టో, ముత్యాలో, ఏదో ఒకటి చేతిలో లేకపోతే నగరం అలుగుతుంది.

కొత్తగా ఏ విలాస వస్తువు చేరిస్తే బాగుంటుందని ఆ వారం ఆట అభిమానుల గ్రూపులో చర్చ, చివర్లో ఓటింగు. రొయ్యల్ని అప్పటికే ఎవరో రాసేశారు. భానుప్రియకు కాకిబంగారం తట్టింది. గూడూరు వైపు గనుల్లో దొరికే అభ్రకం అది. ముఖానికి పూసుకునే రంగుల్లో మెరుపు దానిదే. అత్త చెంచులక్ష్మి పెళ్లికి ముందు ఆ రేకులు చీల్చే షెడ్డులో ఆరేళ్లు పనిచేసింది.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్త పక్కన కూర్చుని అడిగింది. "అత్తా, కాకిబంగారం ఉంటే జనం సంతోషంగా ఉండేవాళ్లా?"

"దాన్ని మా ఊళ్లో ఎవురుంచుకున్నారు మే? కత్తితో పొరలు పొరలుగా చీల్చి ఇస్తే, పెట్టెల్లో పెట్టి ఓడలకు పంపేసేవాళ్లు. మాకు మిగిలింది వేళ్లలో గుచ్చుకున్న ముక్కలే."

"అయితే సంతోషం లేదని రాసేదా?"

చెంచులక్ష్మి చేతిలో కాయ ఆగింది. "లేదని ఎట్టా చెప్పేది? పదిమంది ఆడోళ్లం ఒక వరసలో కూర్చోనుంటిమి. చేతుల పని చేతులది, నోటి పని నోటిది. సాయంత్రం లేస్తే అందరి కోకలూ తళతళా మెరుస్తా ఉండేవి. ఈ ఊరొచ్చినాక అట్టా పదిమందితో కూర్చునింది లేదు."

భానుప్రియ గ్రూపు తెరిచింది. ఇలా రాసింది: 'కాకిబంగారం. దీని సంతోషం కొనుక్కున్న నగరానికి కాదు, చీల్చే ఊరికి దక్కాలి. అదీ పనివాళ్లు ఒకేచోట కూర్చున్నంత కాలం.'

గ్రూపులో నలుగురు నచ్చిందన్నారు. ఎక్కువమంది ఆటకు కుదరదన్నారు. సొంతదారుకు సంతోషం దక్కని వస్తువును ఎవరు తవ్విస్తారని ఒకాయన అడిగాడు. భానుప్రియకు అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. ఓట్లు కుంకుమపువ్వుకు పడ్డాయి.

అత్త మాట మాత్రం ఆమెను వదల్లేదు. "ఆ పదిమందిలో ఇప్పుడెవరు యాడున్నారత్తా?" అని మరుసటి ఆదివారం అడిగింది. ఏడుగురి పేర్లు గుర్తొచ్చాయి. ఒక్కరి జాడే తెలిసింది: కామాక్షి, నాయుడుపేటలో కూతురి దగ్గర ఉంటోంది. అత్తాకోడళ్లు బస్సెక్కారు.

తలుపు తీసిన కామాక్షి కాసేపు తేరిపార చూసింది. "చెంచూ, నువ్వా? ముందు గొంతెత్తి ఒక మాట మాట్లాడు, నమ్ముతాను" అంది.

ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. ఎవరెవరివో పేర్లు, మేస్త్రీ తిట్లు, ఎవరో దాచిపెట్టిన చింతకాయలు. భానుప్రియకు సగం అర్థం కాలేదు. మూడు గంటల బస్సు వెళ్లిపోయింది. ఐదింటికి ఇంకోటి ఉందని తెలుసుకుని, కామాక్షి కూతురితో కలిసి టీ పెట్టడానికి భానుప్రియ లోపలికి వెళ్లింది.