మొదటిసారా, మళ్లీనా?

మీరు మళ్లీనక్కను కలిసి తీరాలి. ఆవిడ అసలు పేరు ఆస్పత్రిలో ఎవరికీ గుర్తులేదు. ఉన్నది ఒక్కటే అలవాటు, దాంతోనే అందరినీ హడలగొట్టేసింది: కంప్యూటర్లో జబ్బుల కోడు ఎలా వెతుకుతుందో, మనుషులతోనూ అలాగే మాట్లాడుతుంది. అసలు మాట ముందు, చోటు తర్వాత, ఏ పక్కో ఆ తర్వాత, చివర్లో ఒక ప్రశ్న.

పక్క సీటు అమ్మాయి మొహం వేలాడేసుకుని వస్తే, "గొడవ. అత్తతో. వంటింట్లో," అంటుంది. "మొదటిసారా, మళ్లీనా?"

"మళ్లీనే అక్కా."

"సరే," అంటుంది, కోడు దొరికినంత తృప్తిగా.

డాక్టర్లు రాసిన ప్రతి జబ్బుకీ బిల్లు కోసం ఒక కోడు వెయ్యడం ఆవిడ పనిచేసే విభాగం పని. మిగతావాళ్లు "నిన్న మెట్లమీంచి జారిపడి ఎడమ మణికట్టు విరిగింది" అని కథంతా కొట్టి, తెర మీద చక్రం తిరుగుతుంటే గుడ్లప్పగించి చూస్తారు. మళ్లీనక్క "విరుగు, మణి, ఎడ" అని కొడుతుంది, పని అయిపోతుంది. చిలక కరిస్తే ఒక కోడు, చిలక వచ్చి గుద్దుకుంటే ఇంకో కోడు. డాక్టరు సరిగ్గా రాయకపోతే ఇంటర్‌కమ్ రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "కరిచిందా, గుద్దిందా సార్?" అని అడిగి మరీ వేస్తుంది.

ఇంతవరకూ నవ్వొచ్చే సంగతే. కానీ ఆ విభాగం ఉన్నది నేలమాళిగలో, మార్చురీకి ఆనుకుని. మధ్యాహ్నం కూడా అక్కడ ట్యూబులైట్లే. పక్క గోడ ఎప్పుడూ చల్లగా చెమర్చి ఉంటుంది. అలాంటి చోట ఒక మనిషి మిమ్మల్ని రెప్ప వెయ్యకుండా చూస్తూ, ఒళ్లో వేళ్లు టకటకలాడిస్తూ, "పడటం. మెట్లమీద," అని గొణిగితే ఎలా ఉంటుంది?

లిఫ్టు మనిషికి అదే జరిగింది. భోజనానికి వెళ్తున్నవాణ్ని ఆపి, కిందకి చూస్తూ, "చెప్పు," అంది.

"ఏం చెప్పాలమ్మా?"

"చెప్పు. కుడి. పడటం. మెట్లమీద."

వాడికి ముచ్చెమటలు పోశాయి. "నాకేం తెలీదమ్మా, చెప్పడానికేం లేదు," అని పరుగు లంకించుకుని, నాలుగు మెట్లెక్కి దబ్బున పడ్డాడు. ఆ దెబ్బతో ఆవిడ నోట్లోంచి ఏ మాట వస్తే అది జరుగుతుందని ఆస్పత్రంతా పాకిపోయింది.

దానికి తోడు సూపర్‌వైజర్ గారి గదిలో ఫోను. అద్దాల గది ఆయనది. భోజనం అయ్యాక కుర్చీలో కాస్త కన్ను మూస్తే చాలు, ఫోను మోగేది. ఎత్తి "హలో" అంటే ఎవరూ పలకరు. పెట్టెయ్యరు కూడా. అవతల ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు నిశ్శబ్దం. కాసేపటికి క్లిక్‌మని ఆగిపోయేది.

"పక్కగది వాళ్లు సార్," అన్నాడు బిల్లింగు గుమాస్తా, మార్చురీ గోడకేసి కళ్లు తిప్పి. "వాళ్లకీ పొద్దుపోవాలి కదా."

చివరికి స్టాఫంతా వచ్చి ఆయన్ని చుట్టుముట్టారు. "ఆవిడ ఉంటే మేం ఉండలేం సార్." పైనుంచి మేనేజరు కూడా ఫోన్ చేశాడు: సాయంత్రంలోగా తేల్చి చెప్పండి, ఆవిణ్ని పాత రికార్డుల గోడౌన్‌కి పంపేద్దాం. అక్కడికి వెళ్తే కంప్యూటరు లేదు, కోడు లేదు, పలకరించడానికి మనిషి లేడు. మళ్లీనక్క మళ్లీ వెనక్కి రాదని అందరికీ తెలుసు.

సూపర్‌వైజర్ గారికి నిర్ణయం మాట ఎలా ఉన్నా, ముందు ఆ ఫోను సంగతి తేలాలి. భోజనమవగానే కళ్లు మూసుకుని దొంగనిద్ర మొదలెట్టాడు. గురక కూడా పెట్టాడు, బాగానే. ఫోను మోగలేదు. ఇంతలో గోడ వెనక ఏదో ట్రాలీ కిర్రుమంది. ఆయన భయంతో ఊపిరి బిగపట్టాడు.

ఫోను మోగింది.

ఒక్క ఉదుటున కళ్లు తెరిచాడు. అద్దం అవతల మళ్లీనక్క. భుజం మీద రిసీవరు. కుడిచేత్తో టైపు చేస్తూనే ఉంది. చూపు మాత్రం ఆయన చొక్కా జేబు మీద.

ఆయన రిసీవరు ఎత్తలేదు. తలుపు తీసుకుని బయటికొచ్చాడు. "ఇన్నాళ్లూ నువ్వేనా అమ్మా?"

"నేనే సార్."

"నన్ను చంపుదామనా?"

"లేదు సార్. ఊపిరి. ఆగడం. నిద్రలో." తెర ఆయనవైపు తిప్పింది. "మీ జేబులో పెన్ను పైకీ కిందకీ కదలాలి. కొన్నిసార్లు కదలదు. అప్పుడు చేస్తా. మళ్లీ ఊపిరి వినపడేదాకా పెట్టెయ్యను."

ఆయన అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. "మరి నోరు తెరిచి చెప్పొచ్చు కదా తల్లీ."

"కోడు దొరికింది సార్, వెయ్యడానికి లేదు. డాక్టరు రాయకుండా నేను జబ్బు పేరు అనకూడదు. రూలు." కాస్త తల వంచుకుంది. "పైగా డ్యూటీలో నిద్రపోతారని నలుగురికీ తెలుస్తుంది."

"లిఫ్టు వాడి సంగతో?"

"చెప్పు తెగిపోతోంది సార్. కుడికాలిది. చెప్తే పారిపోయాడు."

ఆయనకి నవ్వూ దడా కలిసొచ్చాయి. "సరే, రేపు డాక్టరుకి చూపిస్తా."

"ఇవాళ," అంది, తెర మళ్లీ తనవైపు తిప్పుకుంటూ.

పై అంతస్తులో డాక్టరు గది ముందు కూర్చుని ఉండగా మేనేజరు ఫోను వచ్చింది. "ఏం తేల్చారు? మార్చాలా?"

"మార్చాలండీ," అన్నాడు సూపర్‌వైజర్. "ఆవిడ సీటు నా గది అద్దానికి ఇంకాస్త దగ్గరికి జరపాలి."

స్టాఫ్‌లో సగం మంది ఇప్పటికీ ఆ నిర్ణయం తప్పంటున్నారు. మరి మీరైతే ఏం చేసేవారు? మీరు కన్ను మూస్తే చాలు, మీ ఊపిరి వింటూ కూర్చునే మనిషిని గోడౌన్‌కి పంపేవారా, పక్క సీట్లోకి రమ్మనేవారా?