పదకొండు సార్లు కాదంది

మా పక్కింటి టాన్ మాస్టారు రేవు బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పారు. నేను ఆల్చిప్పలు ఒలుచుకు బతికేదాన్ని, పెద్దగా చదువు లేదు. అయినా దేవుడు లేడని ఆయన లెక్క కట్టిన రోజు నాకు బాగా గుర్తు.

గుడిలో నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలుంటాయి. అడగాల్సింది అడిగి కిందకి వదులుతాం. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సముద్రపు తల్లి ఔనన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదన్నట్టు. మాస్టారు అలాంటి జత ఇంట్లో పెట్టుకుని వెయ్యిసార్లు వేశారు. ఐదు వందల మూడుసార్లు ఔనని పడింది.

"చూశావా, సగానికి సగం! అక్కడ ఎవరైనా ఉంటే లెక్క ఒకవైపు ఒరగదూ?" అన్నారు భార్యతో.

హున్ అక్క చేప పొలుసు గీకుతూనే, "అంటే తల్లికి పక్షపాతం లేదన్నమాట. ఇప్పటికి తెలిసిందా తమరికి?" అంది.

నేను పడీపడీ నవ్వాను. ఆయన మూడు రోజులు ముఖం ముడుచుకుని తిరిగారు.

కిందటి తుఫానుల కాలంలో అక్క పోయింది.

ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం మా రేవులో ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ళకి భోజనం పెడతాం. అగరొత్తులు కాలాక, "తిన్నారా?" అని చెక్కలు వేసి అడుగుతాం. ఔనంటేనే మనం తినాలి. ఆ రోజు పొగమంచు ఇళ్ళలోకి కూడా వచ్చేసింది. సముద్రం ఎక్కడ ఆగిందో, వీధి ఎక్కడ మొదలైందో తెలియలేదు. నేను గిన్నెడు ఆల్చిప్పల కూర పట్టుకెళ్ళేసరికి మాస్టారు అక్క పేరున్న పలక ముందు మోకాళ్ళ మీద ఉన్నారు.

"ఆరుసార్లు అడిగాను మీగ్యోక్. తినలేదంటోంది."

"నమ్మనివారికి అడగడమెందుకో!"

"ఇన్నాళ్ళూ ఎవరూ లేరని వాదించాను. ఇప్పుడు మీ అక్క కూడా లేదనేగా అర్థం." ఆయన చెక్కలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "ఈ ఒక్క లెక్కలో ఓడిపోవాలని ఉందమ్మా."

నేనింకేం వేళాకోళమాడతాను? ఇద్దరం కూర్చుని అడిగాం. ఉప్పు చాల్లేదా? కాదు. సారా పోయాలా? కాదు. చేప మాడిందా? కాదు. ఈ మీగ్యోక్ ఎందుకొచ్చిందనా? అదీ కాదు. నామీద కోపమా, అన్నారు మాస్టారు. రెండు చెక్కలూ వెల్లకిలా పడ్డాయి. అలా పడితే నవ్వుతున్నట్టు. అదీ కాదన్నట్టే. ముందటి ఆరుతో కలిపి మొత్తం పదకొండు.

అప్పుడు తట్టింది నాకు. "మాస్టారూ, మీరు తినకుండా అక్క ఏనాడైనా మెతుకు ముట్టిందా?"

"ముందు వాళ్ళు తినాలి. అది ఆచారం."

"ఊరి ఆచారం మీ ఆవిడెప్పుడు విందండీ?"

ఆయన గిన్నె తీసుకుని నెమ్మదిగా తిన్నారు. పొగమంచులో పలక ఒకసారి దగ్గరికొచ్చినట్టూ, ఒకసారి దూరమైనట్టూ ఉంది. మూతి తుడుచుకుని చెక్కలు వదిలారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా.

అలవాటు ఊరుకోక, "వరసగా పదకొండు కాదనడమంటే, రెండు వేల నలభై ఎనిమిదింట ఒకసారి జరుగుతుంది. రేవులో మూడు వేల ఇళ్ళు. ఎవరో ఒకరింట్లో పడాల్సిందే," అన్నారు.

"మీ ఇంట్లోనే ఎందుకు పడిందో?"

"దానికి లెక్క లేదు."

"అయితే ఇంకోసారి వెయ్యండి, తేలిపోతుంది."

ఆయన చెక్కలు రెండూ చొక్కా జేబులో వేసుకున్నారు.

"వద్దులే. తిన్నానని చెప్పిన మనిషిని మళ్ళీమళ్ళీ అడిగితే విసుక్కుంటుంది."