మామిడి తోటలో దిగిన విమానం

పరువూ, మామిడికాయలూ, మెటలర్జీ పాఠమూ మూడింటినీ ఒక్క గుంజుతో నేల రాల్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనే. తిరువూరికి కోడలిగా వచ్చిన మొదటి వేసవిలో చేసిన ఘనకార్యమిది.

అప్పుడే పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్‌గా చేరాను. మా మావయ్య రిటైరైన టీచరు. గంపలగూడెం రోడ్డులో రెండెకరాల మామిడి తోట ఉంది. ఇంటి వెనకున్న ఖాళీ రేకుల షెడ్డు మీద నా కన్ను పడింది. ఓ డ్రిల్లింగ్ మిషను, ఓ గ్రైండరు పెట్టుకుని చిన్న వర్క్‌షాపు నడపాలని నా చిన్నప్పటి కోరిక. అత్తయ్యేమో అక్కడ గేదెను కట్టేయాలనుకుంటోంది.

"నీ మిషన్లు పాలిస్తాయా అమ్మాయ్?" అని అడిగింది.

దీనికి ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ జవాబు లేదు. చివరికి మావయ్య మధ్యవర్తిత్వం చేశారు. కాయలు కోసే దోటి, అంటే కొసన వల సంచి కట్టిన పొడవాటి వెదురు గడ, ఎత్తీ ఎత్తీ ఆయన భుజం పట్టేస్తోంది. నేను తేలికైన దోటి చేసిస్తే షెడ్డు నాది. లేకపోతే గేదెది.

దోటి కోసం హైదరాబాదు వెళ్ళి, తుక్కు దుకాణంలో ఓ పొడవాటి గొట్టం కొని బస్సెక్కాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు కండక్టరు.

"విమానాల్లో వాడే లోహమండి."

"మరి విమానంలోనే తీసుకెళ్ళకపోయారా?"

ఇలాంటి వాళ్ళకి సైన్సు ఏం చెబుతాం! ఇంటికొచ్చి మావయ్యకు చెప్పాను. "ఇది గిన్నెల అల్యూమినియం కాదు మావయ్యా. నూటికి తొంభై పాళ్ళు అల్యూమినియమే గానీ అయిదారు పాళ్ళు జింకు, రెండున్నర మెగ్నీషియం, ఒకటిన్నర రాగి కలిపారు. పోత పోసింది కాదు, వేడి మీద ఒత్తి సాగదీసింది. ఇనుములో మూడో వంతు బరువు. బలంలో ఉక్కుకి తీసిపోదు. దీన్ని సెవెంటీ సెవెంటీఫైవ్ అంటారు."

"బస్సు నంబరులా ఉంది," అంది అత్తయ్య.

మావయ్య గొట్టాన్ని ఒంటి చేత్తో ఎత్తి మురిసిపోయారు. "అద్భుతం సునీతమ్మా! కొసన కాస్త వంపు ఉంటే కొమ్మల్లోకి బాగా దూరేది."

వంపు ఎంత పని? గొట్టాన్ని జామచెట్టు పంగలో పెట్టి, ఉన్న బలమంతా వేసి లాగాను. పంగ చీలింది గానీ గొట్టం చలించలేదు.

"మొక్కై వంగనిది మానై వంగునా!" అన్నారు మావయ్య.

"పొయ్యిలో పెడితే ఎందుకు వంగదు మావయ్యా?" అన్నాను నేను.

పాఠకులారా, నన్ను ఆపాల్సింది ఇక్కడే. ఈ లోహం బలమంతా దానికి పెట్టిన పదునులో ఉంటుంది. బాగా కాచి, నీళ్ళలో ముంచి, ఆ తర్వాత సన్నటి వేడిలో గంటల తరబడి ఉంచుతారు. అప్పుడు జింకూ మెగ్నీషియమూ కలిసి కంటికి కనపడని రేణువులై లోపల అడుగడుగునా అడ్డుపడి, దాన్ని వంగనివ్వవు. మళ్ళీ పెద్ద మంట తగిలిందా, పదునంతా దిగిపోతుంది. ఈ సంగతి ఆ వారమే పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. తప్పకుండా వచ్చే ప్రశ్న, అండర్‌లైన్ చేసుకోమన్నాను కూడా.

అయినా నీళ్ళు కాచే పొయ్యిలో గొట్టం కొస దూర్చాను. ఇనుమైతే ఎర్రబడి హెచ్చరిస్తుంది. ఇది మొహంలో రంగు మారకుండానే మెత్తబడి, అడిగినంత వంగింది.

"కోడలంటే నువ్వేనమ్మా!" అన్నారు మావయ్య. ఆ మాటతో నా బుర్రలో మిగిలిన మెటలర్జీ కూడా ఆవిరైపోయింది.

వంపు కొసకి వల సంచి కట్టి, ఆదివారం చర్చి నుంచి అటే తోటకి వెళ్ళాం. తొలి కోత గౌరవం నాకే ఇచ్చారు. ఓ గుత్తిని సంచిలోకి తీసుకుని, తొడిమలు తెగేలా గట్టిగా గుంజాను. తొడిమలు తెగాయి. కానీ దోటి కొస కొత్త పెళ్ళికూతురిలా మెల్లగా తల వంచి, ఇంకా వంచి, సంచిని తిరగేసింది. కాయలన్నీ దబదబా రాలాయి. ఒకటి అత్తయ్య తెచ్చిన మజ్జిగ గిన్నెలో పడింది.

అత్తయ్య చీర మీది మజ్జిగ తుడుచుకుంది. "దిగిందా విమానం?"

మావయ్యలోని టీచరు మేలుకున్నారు. "ఎందుకు వంగిందమ్మా?"

పదును, మంట, రేణువులు అన్నీ ఏకరువు పెట్టాను.

"చక్కగా చెప్పావు. ఇదంతా పొయ్యిలో పెట్టకముందు తెలుసా, పెట్టాక తెలిసిందా?"

"ముందే తెలుసు మావయ్యా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షెడ్డులో గేదె హాయిగా నెమరు వేస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

ఇంటికి రాగానే అత్తయ్య షెడ్డు తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దోటి పనికిరాలేదుగా అత్తయ్యా?"

"అందుకే ఇస్తున్నా. గేదె బయటున్నా పరవాలేదు, అది నా పొయ్యి జోలికి రాదు. నిన్నే ఎక్కడో ఒకచోట కట్టేయాలి."

ఆ షెడ్డులోనే కూర్చుని, గ్రైండరు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పదును పట్టిన ఏ లోహాన్నీ ఇక పొయ్యిలో పెట్టను. ముఖ్యంగా, మావయ్య మెచ్చుకుంటున్నప్పుడు అగ్గిపెట్టె అసలే ముట్టుకోను.