తడి తువ్వాలు

తడాలాది మలావీ దేశం; ఎనిమిదేళ్లుగా జొహానెస్‌బర్గ్‌లో ఒక హోటల్లో గదులు ఊడ్చి పక్కలు వేసే పని. పెళ్లయ్యాక మొదటిసారి భర్త లింబానీతో రెండు రోజులు డర్బన్ సముద్రం చూడ్డానికి వచ్చి, అక్కడో హోటల్లో దిగింది. కానీ చేతులు ఊరుకోవు. తెల్లారి లేవగానే దుప్పటి మూలలు మడిచి బిగించింది, దిండ్ల మీది వెంట్రుకలు ఏరింది, కుళాయిలు పొడిగుడ్డతో తళతళలాడించింది. తనలాంటి ఇంకో ఆడమనిషి చేత పని చేయించుకోవడం ఆమెకు తప్పు చేసినట్టే ఉంది.

“సెలవు పెట్టింది ఇక్కడ డ్యూటీ ఎక్కడానికా?” అన్నాడు లింబానీ.

ఇంతలో గదులు సర్దే పెద్దావిడ బండి తోసుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఇదేంటి తల్లీ, రాత్రి పడుకోలేదా?”

“మీకెందుకు శ్రమని నేనే సర్దేశానమ్మా.”

“బాగానే ఉంది నీ జాలి! గదులన్నీ ఇలా ఉంటే ఇంతమంది పనివాళ్లెందుకని పైవాళ్లు అడగరూ? మొన్ననే ఇద్దర్ని మానిపించారు.”

తడాలా ముఖం పాలిపోయింది. మర్నాడు, ఇన్నేళ్లుగా ఏ అతిథుల్ని చూసి పళ్లు నూరిందో వాళ్లలాగే, దుప్పటి పీకేసి, తడి తువ్వాలు పక్కమీద పడేసి బయటికొచ్చింది. ఇసుకలో నడుస్తూ మాటిమాటికీ వెనక్కి తిరిగి హోటల్ వైపే చూస్తోంది.

“ఏమైందే?” అన్నాడు లింబానీ.

“తువ్వాలు... గట్టిగా పిండే పడేశాలే,” అంది.